వార్షిక నివేదిక: ఫైలు తెరుచుకుంది, మరి మ్యాపు సరిపోయిందా?

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గానికి అప్పజెప్పిన పని ఇది: ఒక మ్యాపింగ్ సిస్టమ్‌లో తయారైన భౌగోళిక డేటా ఇంకో సిస్టమ్‌లోకి చెక్కుచెదరకుండా వెళ్లేలా, సభ్యుల మధ్య ఓపెన్ స్టాండర్డ్స్, అంటే ఎవరైనా వాడుకోగల ఉమ్మడి ప్రమాణాల వాడకం పెంచాలి. ఏడాది గడిచింది. ఫైలు తెరుచుకోవడం లేదన్న ఫిర్యాదులు బాగా తగ్గాయి. ఇప్పుడు వస్తున్న ఫిర్యాదులన్నీ ఫైలు తెరుచుకున్నాక మొదలయ్యేవే. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను. సమావేశాల తేదీలు, హాజరు పట్టిక అనుబంధంలో ఉన్నాయి. ఆడిట్ అయిన జమాఖర్చులను కోశాధికారి సమావేశంలో చదివి వినిపిస్తారు.

కొత్త సభ్యుల కోసం

ఈ ఏడాది చేరినవారిలో ప్రోగ్రామర్లు ఎక్కువ, సర్వే పని తెలిసినవారు తక్కువ. వాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను, పాత సభ్యులు ఈ భాగం దాటేయవచ్చు.

ఒకప్పుడు ప్రతి మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌కూ సొంత ఫార్మాట్ ఉండేది. ఒకదాని డేటా ఇంకొకదానికి అర్థమయ్యేది కాదు. ఈ చిక్కు విప్పడానికి 1994లో ఓపెన్ జీఐఎస్ కన్సార్షియం ఏర్పడింది. 2004లో ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియంగా పేరు మార్చుకుంది. మన సమావేశాల్లో ఓజీసీ అని వినిపించేది దీని పేరే. 2000లో అది తెచ్చిన డబ్ల్యూఎంఎస్ అడిగిన ప్రాంతం మ్యాపును బొమ్మగా పంపుతుంది. 2002లో వచ్చిన డబ్ల్యూఎఫ్ఎస్ ఆ బొమ్మ వెనకున్న అసలు సరుకును, అంటే బిందువులు, గీతలు, హద్దులు, వాటి వివరాలను పంపుతుంది. చూడటానికి మొదటిది చాలు. సొంతంగా లెక్కలు కట్టాలంటే రెండోది కావాలి.

జియోజేసన్ అనే డేటా ఫార్మాట్ వేరే దారిలో వచ్చింది. కొందరు ప్రోగ్రామర్లు తమ అవసరం కోసం రాసుకుని 2008లో బయటపెట్టారు. ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2016లో దాన్ని ఆర్ఎఫ్‌సీ 7946 అనే ప్రమాణ పత్రంగా ప్రచురించింది. వెబ్ మ్యాపుల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. దీన్ని చూపించి కమిటీలు దండగ అనే సభ్యులు మనలోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. జియోజేసన్ అంత తేలికగా ఉండటానికి కారణం, కష్టమైన విషయాల్లో చాలావాటిని అది అసలు ముట్టుకోకపోవడమే. అది వదిలేసినవే ఈ ఏడాది మన మెడకు చుట్టుకున్నాయి.

శిక్షణ తరగతులు

తరగతులన్నీ ఒకే అంశం మీద జరిగాయి: షేప్‌ఫైల్ అనే పాత మ్యాపు ఫార్మాట్ నుంచి జియోప్యాకేజ్ అనే కొత్తదానికి మారడం. షేప్‌ఫైల్‌ను తిట్టడం మా ఉద్దేశం కాదని ముందే చెప్తున్నాను. మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్రీ 1998లో దాని నిర్మాణాన్ని ప్రచురించబట్టే మిగతా సాఫ్ట్‌వేర్లు దాన్ని చదవగలిగాయి, రాయగలిగాయి. డేటా పంచుకోవడం అనే అలవాటు చాలామందికి దానితోనే మొదలైంది. కానీ దాని హద్దులు పాతకాలానివి. పేరుకు ఒక ఫైలే గానీ కనీసం మూడు ఫైళ్లు కలిసి ప్రయాణించాలి. వాటిలో ఒకటి మెయిల్‌లో జారిపోతే ఆ రోజు పని ఆగినట్టే. ఒక్కో ఫైలు 2 జీబీ దాటకూడదు. కాలమ్ పేరుకు 10 బైట్లు మించి చోటు లేదు.

ఆ 10 బైట్ల దగ్గర ఇంగ్లీషులో పేర్లు పెట్టుకునేవారు ఎలాగో సర్దుకుపోతారు. తెలుగులో కుదరదు. కంప్యూటర్‌లో అక్షరాలను దాచే యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో తెలుగు అక్షరానికీ, దానికి తగిలే గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. 'రహదారి' అన్న చిన్న మాటకే 18 బైట్లు. షేప్‌ఫైల్‌లో ఆ పేరు పెడితే 'రహద' దగ్గర తెగిపోతుంది. గడిలోపల రాసే పాఠానికి 254 బైట్ల హద్దు ఉంది కాబట్టి పొడుగు వివరణలు కూడా మధ్యలో ఆగిపోతాయి. ఏ ఎన్‌కోడింగ్ వాడారో చెప్పే చిన్న ఫైలు వెంట రాకపోతే ఊళ్ల పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా మారతాయి. పేర్లు తెలుగులో ఇవ్వాలనుకునే సభ్యులకు జియోప్యాకేజ్ వైపు వెళ్లడానికి ఇదొక్కటీ చాలు. 2014లో ఓజీసీ ఆమోదించిన ఈ ఫార్మాట్ ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మీద నిలబడింది. లేయర్లు (రోడ్లు, చెరువులు లాంటి ఒక్కో రకం డేటా పొరలు) ఎన్ని ఉన్నా ఒకే ఫైలు, పేర్లు ఎంత పొడుగున్నా సమస్య లేదు.

అక్షాంశం ముందా, రేఖాంశం ముందా

సహాయ బృందానికి వచ్చిన ప్రశ్నల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చింది ఇదే, కాస్త వివరంగా రాస్తున్నాను. "ఫైలు బాగానే తెరుచుకుంది, కానీ మా లేయర్ సముద్రంలో ఉంది" అని మొదలవుతుంది సంభాషణ.

భూగోళం పాఠం చదువుకున్నవాళ్లు, నావికులు అక్షాంశం ముందు చెప్తారు. గ్రాఫ్ గీయడం అలవాటైనవాళ్లు అడ్డం ముందు, నిలువు తర్వాత రాస్తారు కాబట్టి వాళ్లకు రేఖాంశం ముందు రావాలి. రెండూ న్యాయమే, గొడవంతా అక్కడే. నిర్దేశాంక వ్యవస్థలకు (చోటును అంకెల్లో చెప్పే పద్ధతులకు) నంబర్లు ఇచ్చే ఈపీఎస్‌జీ జాబితాలో 4326కు, అంటే జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84కు, అక్షాంశమే ముందు. జియోజేసన్, గూగుల్ ఎర్త్ వాడే కేఎంఎల్ ఫార్మాట్ రెండింటిలోనూ రేఖాంశం ముందు. డబ్ల్యూఎంఎస్ మరీ విచిత్రం. 1.1.1 వెర్షన్‌లో 4326తో ప్రాంతం అడిగేటప్పుడు రేఖాంశం ముందు రాయాలి, 1.3.0 వెర్షన్‌లో అక్షాంశం ముందు రాయాలి. సర్వర్ అదే, లేయర్ అదే. అభ్యర్థనలో వెర్షన్ నంబర్ ఒక్కటి మారిస్తే మీరడిగిన ప్రాంతం ఇంకెక్కడికో పోతుంది.

ఈ తప్పు ఒక్కోసారి గట్టిగా అరుస్తుంది, ఒక్కోసారి నోరు మెదపదు. అక్షాంశం 90 డిగ్రీలు దాటదు. రేఖాంశం 90 దాటిన చోట రెండూ తారుమారైతే చాలా సాఫ్ట్‌వేర్లు వెంటనే పట్టేస్తాయి. రెండు అంకెలూ 90 లోపే ఉన్న ప్రాంతాల్లో మాత్రం ఏ హెచ్చరికా రాదు, డేటా నింపాదిగా తప్పు చోట కూర్చుంటుంది. అంకెలు అసలు లేకపోతే సున్నా, సున్నాగా లెక్కగట్టి గినియా సింధుశాఖలో పడేసే ప్రోగ్రాములూ ఉన్నాయి. మ్యాపుల పని చేసేవాళ్లు సరదాగా నల్ ఐలాండ్ అని పిలిచే ఆ చోట దీవి కాదు కదా, నేలే లేదు.

జీపీఎస్ జాడలు దాచే జీపీఎక్స్ ఫార్మాట్‌లో ఈ తంటా లేదు. అందులో అక్షాంశం, రేఖాంశం ఒక్కోటీ తన పేరుతోనే ఉంటుంది. ఏది ముందు రాసినా ఫర్వాలేదు. నాలుగు అక్షరాలు ఎక్కువ టైప్ చేయాల్సి వచ్చినా ఇదే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. మిగతా ఫార్మాట్ల విషయంలో జరగాల్సింది జరిగిపోయింది.

సంఘం తరఫున చేసింది ఇది. మూడు బిందువులున్న ఒక పరీక్ష ఫైలు తయారు చేసి సభ్యులందరికీ పంపాం. మూడూ ఎక్కడ పడాలో అందరికీ తెలిసినవే. అంకెలు తారుమారైతే చూడగానే తెలిసిపోయేలా ఎంచుకున్నాం. పెద్ద డేటా పంపేముందు ఇది పంపి, అవతలివాళ్ల తెర మీద ఎక్కడ కనిపిస్తోందో అడగండి. మొదట్లో చిన్నపిల్లల ఆటలా ఉందని నవ్వినవాళ్లే ఇప్పుడు పరీక్ష ఫైలు రాకపోతే డేటా తీసుకోవడం లేదు.

నేల కూడా కదులుతుంది

అంకెల వరుస సరిగ్గా ఉన్నా సరిపోనివి కొన్ని వచ్చాయి. ఒకే పైపులైను, ఇద్దరు సభ్యులు కొలిచారు, రెండు గీతల మధ్య మీటరు పైన ఎడం. ఇద్దరి ఫైళ్లలోనూ డబ్ల్యూజీఎస్ 84 అనే ఉంది. ఈ పేరు కింద ఏళ్ల తరబడి సవరించిన అనేక రూపాలున్నాయి. 4326 అని మాత్రమే రాస్తే వాటిలో ఏదో చెప్పినట్టు కాదు. ఆ నంబరుతో వచ్చే ఖచ్చితత్వాన్ని ఈపీఎస్‌జీ జాబితాయే 2 మీటర్లుగా చూపిస్తుంది. దారి వెతుక్కునేవారికి ఆ తేడా లెక్కలోకి రాదు. హద్దురాయి పాతేవారికి, గొయ్యి తవ్వేవారికి వస్తుంది.

ఆస్ట్రేలియా అనుభవం ఈ విషయంలో మంచి పాఠం. ఆ ఖండం ఏడాదికి దాదాపు 7 సెంటీమీటర్ల చొప్పున కదులుతోంది. వాళ్లు తమ పాత నిర్దేశాంక వ్యవస్థ జీడీఏ 94 నుంచి కొత్తదైన జీడీఏ 2020కి మారినప్పుడు నిర్దేశాంకాలు దాదాపు 1.8 మీటర్లు జరిగాయి. కాబట్టి ఏ వ్యవస్థలో కొలిచారో చెప్పడంతో పాటు ఎప్పుడు కొలిచారో కూడా రాయాలి.

ఇక్కడ జియోజేసన్ మళ్లీ అడ్డొస్తుంది. 2008 నాటి రూపంలో నిర్దేశాంక వ్యవస్థ పేరు రాసే వీలుండేది. 2016లో దాన్ని తీసేసి అంతా డబ్ల్యూజీఎస్ 84లోనే ఉండాలన్నారు. పాత పద్ధతిలో రాసిన ఫైళ్లు ఇంకా తిరుగుతున్నాయి, వాటిలోని ఆ వివరాన్ని కొత్త ప్రోగ్రాములు పట్టించుకోకపోవచ్చు. కార్యవర్గం సిఫారసు: తెర మీద చూపించడానికి జియోజేసన్ వాడండి, కొలిచిన డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి జియోప్యాకేజ్ వాడండి.

మన సర్వర్ మార్పు

సంఘం ఉమ్మడి సర్వర్‌ను ఈ ఏడాది ఓజీసీ ఏపీఐ ఫీచర్స్‌కు మార్చాం. 2019లో వచ్చిన ఈ స్టాండర్డ్ డబ్ల్యూఎఫ్ఎస్ పనినే నేటి వెబ్ పద్ధతిలో చేస్తుంది. మామూలు వెబ్ చిరునామా బ్రౌజర్‌లో కొడితే లేయర్ల జాబితా కనిపిస్తుంది, ఇంకో ముక్క కలిపితే డేటా జియోజేసన్‌లో వస్తుంది. డబ్ల్యూఎఫ్ఎస్ అంటే చాలు టెన్షన్ పడే కొత్త సభ్యులు దీన్ని మొదటి రోజే వాడేశారు.

ఒక్క జాగ్రత్త. సర్వర్ అంతా ఒకేసారి ఇవ్వదు. ఒక విడత ఇచ్చి, తర్వాతి విడతకు 'నెక్స్ట్' అనే లింకు జత చేస్తుంది. దాన్ని పట్టించుకోని ప్రోగ్రాముకు మొదటి విడతే దక్కుతుంది. "మీ డేటాలో సగం ఊళ్లు లేవు" అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ శాతం ఇలాంటివే.

పాత డబ్ల్యూఎఫ్ఎస్‌ను వెంటనే ఆపేయాలని కొందరు గట్టిగా అడిగారు. పాత సాఫ్ట్‌వేర్ మీదే పని నడుపుకునే సభ్యులున్నారు కాబట్టి కార్యవర్గం ఒప్పుకోలేదు. రెండూ నడపడం నిర్వాహకులకు అదనపు భారమే.

పేర్లు, అర్థాలు, లైసెన్సులు

ఇద్దరు సభ్యులు తమ రోడ్ల లేయర్లు కలపబోయారు. ఒకరి దగ్గర 'రకం' కాలమ్‌లో మాటలున్నాయి, ఇంకొకరి దగ్గర 1, 2, 3 అంకెలున్నాయి. 'వెడల్పు' ఒకరికి తారు వేసినంత మేర, మరొకరికి రోడ్డుకు కేటాయించిన మొత్తం స్థలం. ఏ ఓజీసీ స్టాండర్డూ ఈ తగాదా తీర్చదు, దాని పని గీతను క్షేమంగా చేరవేయడం వరకే. అర్థం మనమే కూర్చుని తేల్చుకోవాలి. రోడ్లకు, నీటి వనరులకు ఉమ్మడి కాలమ్‌ల ముసాయిదా సిద్ధమైంది. 'వెడల్పు' మీద చర్చ ఇంకా నడుస్తోంది.

లైసెన్సుల సంగతి అంతకంటే సున్నితం. అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా 2012 నుంచి ఓడీబీఎల్ అనే ఓపెన్ డేటాబేస్ లైసెన్సు కింద ఉంది. వాడుకుంటే పేరు చెప్పాలి, దాని మీద కట్టిన డేటాబేస్‌ను బహిరంగంగా వాడితే అదే లైసెన్సు కింద ఇవ్వాలి. పేరు చెప్పి వాడుకోమనే సీసీ బై 4.0 లైసెన్సు కింద ఉన్న డేటాను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి తీసుకోవాలన్నా హక్కుదారు నుంచి విడిగా అనుమతి కోరతారు. ఓపెన్ అని రాసి ఉన్న రెండు లేయర్లు కలిపేసుకోవచ్చు అనుకోవడం ఇక మానుకోవాలి. ఓపెన్ డేటా అంటూ ఒక సంస్థ మనకు పంపింది పీడీఎఫ్ మ్యాపు! దాని గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది.

మెటాడేటా, అంటే డేటా గురించిన వివరాల కోసం ఐఎస్ఓ 19115 అనే ప్రమాణం ఉంది. మొత్తం నింపే ఓపిక ఎవరికీ లేదు, నాకూ లేదు. అందుకని లైసెన్సు, కొలిచిన తేదీ, నిర్దేశాంక వ్యవస్థ, ఎవరిని అడగాలి అనే నాలుగింటిని మాత్రం తప్పనిసరి చేశాం. ఇవి లేని లేయర్‌ను కేటలాగ్ తీసుకోదు.

మిగిలిన పనులు

ఉపగ్రహ చిత్రాల మీద పెద్దగా పని జరగలేదు. 2023లో ఓజీసీ స్టాండర్డ్ అయిన క్లౌడ్ ఆప్టిమైజ్డ్ జియోటిఫ్‌తో పెద్ద చిత్రంలో కావలసిన ముక్కను మాత్రమే తెచ్చుకోవచ్చు. అధ్యయన బృందం చదివింది, సర్వర్‌లో పెట్టలేదు. ఓజీసీ ముసాయిదాలు ప్రజాభిప్రాయానికి పెట్టినప్పుడు మన తరఫున అభిప్రాయం పంపాలన్న నిర్ణయం కూడా అలాగే ఉండిపోయింది.

ఫార్మాట్ల మార్పిడిలో మనం అడుగడుగునా వాడుకున్నది జీడాల్. 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ మొదలుపెట్టిన ఈ ఉచిత లైబ్రరీ నేటికీ స్వచ్ఛందంగా పనిచేసేవారి చేతుల్లో కూడా పెరుగుతోంది. అందులో దొరికిన ఒక లోపాన్ని మన సభ్యులు తెలుగు ఫైలుతో సహా నివేదించారు. వారికి కార్యవర్గం అభినందనలు.

రానున్న సమావేశంలో మూడు తీర్మానాలు ఓటుకు వస్తాయి: డబ్ల్యూఎఫ్ఎస్ ఆపే తేదీ, ఉమ్మడి కాలమ్‌ల ముసాయిదా, డేటా తనిఖీ బృందం ఏర్పాటు. సవరణలు ఏవైనా ఉంటే సమావేశానికి వారం ముందే రాతపూర్వకంగా పంపండి. 'వెడల్పు' గురించి మాట్లాడదలచినవారు తమ లేయర్ నుంచి ఒక నమూనా వెంట తెచ్చుకోవాలి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి