నాన్న పాస్‌బుక్కులో పెన్సిల్ చుక్కలు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదని కోపంగా ఉండి ఉంటావు. నెలరోజులుగా నాన్న బ్యాంకు ఖాతా గొడవలో పడి తిరుగుతున్నా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతానని కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు, ఎందుకంటే ఇందులో మీ అమ్మకి పనికొచ్చేది కూడా ఉంది.

పోయిన నెల తణుకు వెళ్లాను కదా, ఇంటిపన్ను రసీదు కోసం బీరువా వెతుకుతుంటే నాన్న పాస్‌బుక్కు చేతికొచ్చింది. తిరగేస్తే అక్కడక్కడా పెన్సిల్‌తో సన్నటి చుక్కలు. నెలకొకటి చొప్పున ఎనిమిది. ప్రతి చుక్క పక్కనా 199 రూపాయలే. మన లెక్కల పేపర్లు దిద్దేటప్పుడు అనుమానం వచ్చిన చోట పెన్సిల్ చుక్క పెట్టి, చివర్లో మళ్లీ వెనక్కొచ్చి చూసేవారు, గుర్తుందా? అదే చుక్క. అంటే ఆయనకి మొదటి నెలే అనుమానం వచ్చింది.

"ఏంటి నాన్నా ఇవి?" అంటే "ఏవో బ్యాంకు ఛార్జీల్లేరా" అని పుస్తకం తీసుకుని లోపల పెట్టేశారు. రాత్రి భోజనాలయ్యాక ఆయనే మొదలుపెట్టారు. రెండుసార్లు బ్యాంకుకి వెళ్లారట. కౌంటర్ దగ్గరదాకా వెళ్లి వెనక్కి వచ్చేశారట. "ఎందుకు నొక్కారు మాస్టారూ అని అడిగితే ఏం చెప్పను?" అన్నారు. ఊళ్లో సగం మందికి లెక్కలు నేర్పిన మనిషి రా! నాకు నోట మాట రాలేదు.

జరిగింది ఇది. ఫోన్లో ఏదో భక్తి పాటల యాప్ పెట్టుకున్నారు. ఒక్క రూపాయికి ట్రయల్ అంటే పిన్ కొట్టారు. ఆ రూపాయి అంకె బొటనవేలంత ఉంది. దాని కింద, కనీకనబడని బూడిద రంగులో, వారం తర్వాత నెలకు 199 అని ఉంది. ఆయన కట్టింది రూపాయి, ఇచ్చింది ఆటోపేకి, అంటే నెలనెలా దానంతటదే డబ్బు తీసుకోవడానికి, అనుమతి. రెండో నెల యాప్ తీసేశారు కానీ డబ్బు పోతూనే ఉంది. యాప్ తీసేస్తే అనుమతి పోదు మామా, అది బ్యాంకులో అలాగే ఉంటుంది. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళ్లి, అక్కడ రద్దు చేసి పిన్ కొట్టాలి. రెండు నిమిషాల పని.

2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇలా డబ్బు తీసే ముందు 24 గంటలకు తక్కువ కాకుండా మెసేజ్ పంపాలి. పంపారు కూడా. ఇంగ్లిష్‌లో, లోన్ ఇస్తాం అనే వంద మెసేజ్‌ల మధ్య. అదెక్కడ కనిపిస్తుంది చెప్పు?

అదే రాత్రి ఫోన్ చూస్తుంటే ఇంకోటి బయటపడింది. ముందురోజే డెబిట్ కార్డు మీద 1,184 రూపాయలు పోయాయి. పేరూ ఊరూ తెలియని విదేశీ సైటు. ఓటీపీ లేదు, పిన్ లేదు, నాన్న ఏదీ నొక్కలేదు. విదేశీ సైట్లు ఓటీపీ అడక్కుండానే తీసేసుకోగలవు, కార్డులో విదేశీ లావాదేవీల స్విచ్ ఆన్‌లో ఉంటే చాలు. వెంటనే కార్డు వెనకున్న నంబర్‌కి ఫోన్ చేసి బ్లాక్ చేయించా. గూగుల్‌లో నంబర్ వెతకొద్దు, అక్కడ దొంగ నంబర్లు కాచుకుని ఉంటాయి.

పొద్దున్నే నాన్నని వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్లా. కౌంటర్లో ఉన్న ఉద్యోగి "మాట్లాడి చెప్పారు కదా, చాలు" అంటే ఒప్పుకోలేదు. కాగితం మీద రాసిచ్చి, ఫిర్యాదు నంబర్ వేయించుకుని, తేదీతో సంతకం తీసుకున్నా. మన తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా డబ్బు పోతే, బ్యాంకు మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లో చెబితే మన మీద పైసా భారం పడకూడదని 2017లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌లో ఉంది. పది పనిదినాల్లో ఖాతాలో వెయ్యాలి కూడా. ఎనిమిదో రోజుకి పడ్డాయి. నాన్న పాస్‌బుక్కు ప్రింట్ చేయించుకొచ్చి, ఆ లైను దగ్గర ఎర్ర పెన్‌తో టిక్కు పెట్టారు.

199ల సంగతి అంత తేలిక కాదు. పిన్ మీరే కొట్టారు కదా అని బ్యాంకు చేతులెత్తేసింది. ఆ మాట నిజమే, అందుకే యాప్ వాళ్ల మీదే పడ్డా. ఇలా తెలియకుండా చందాలో ఇరికించడాన్ని 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాల్లో పేరు పెట్టి మరీ నిషేధించింది. ఆ ముక్క రాసి మెయిల్ పెట్టా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చా. మూడు నెలలది, 597 రూపాయలు, వెనక్కి వచ్చాయి. మిగతా 995 కోసం ఇంకా వదల్లేదు. వెయ్యి రూపాయల కోసం ఇంత తిరుగుడేంటి అని మా ఆవిడ అంది. ఎనిమిది నెలలు ఆయన తనలో తానే కుమిలిపోయారు రా, దానికి ఎవరు లెక్క కడతారు?

వచ్చే శనివారం అమలాపురం వెళ్తున్నా. అత్త ఫోన్ నేనే చూసి వస్తా. ఒక మాట, నువ్వు ముందే ఫోన్ చేసి "ఏం నొక్కావమ్మా" అని మాత్రం అడక్కు. పాస్‌బుక్కు ప్రింట్ చేయించి ఉంచమని చెప్పు, చాలు.

నీ
మామ