"అడుగెంత?" అని అడిగి రాతి విగ్రహం కొనకండి

సంపాదకుల వారికి,

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతుంటే గుడి కమిటీల నుంచి రాతిపనివాళ్లకు వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "నంది అడుగెంత పడుతుంది?" ఆంజనేయస్వామికైనా, పోతరాజుకైనా, గేటు పక్కన పెట్టే సింహాల జతకైనా అదే లెక్క. ఆర్డరు కాగితంలో ఎత్తు, రంగు, ధర రాస్తారు. నాలుగో గడి ఉండదు. విగ్రహం దిగాక వచ్చే తగాదాల్లో చాలా వరకు ఈ ప్రశ్నలోనే పుడుతున్నాయి కనుక ఈ ఉత్తరం.

రాయి అడుగుల్లో రాదు, ఘనపుటడుగుల్లో వస్తుంది. బూడిదరంగు గ్రానైట్ ఘనపుటడుగు సుమారు 75 కిలోలు, నల్లరాయి 85 దాకా తూగుతుంది. 3 అడుగుల ఎత్తు, 2 అడుగుల వెడల్పు, అడుగున్నర మందం ఉన్న దిమ్మె 9 ఘనపుటడుగులు, అంటే 675 కిలోలు. అదే బొమ్మ 6 అడుగులది కావాలంటే మూడు కొలతలూ రెట్టింపై దిమ్మె 72 ఘనపుటడుగులవుతుంది, 5,400 కిలోలు. ఎత్తు రెండింతలైతే రాయి ఎనిమిదింతలు! అడుగు రేటుకు ఒప్పుకున్నవాడు ఆ తేడాను ఎక్కడో ఒకచోట పూడ్చుకోక తప్పదు. మందంలో కోస్తాడు. ఈమధ్య దిగుతున్న నందుల్లో కొన్ని పక్కనుంచి చూస్తే నంది, ఎదురుగా నిలబడితే పలక.

ఇక రాయి. వ్యాపారంలో గట్టిరాయి అంతా గ్రానైటే. కృష్ణశిల పేరుతో అమ్మే నల్లరాయి తరచూ భూగర్భశాస్త్రం లెక్కలో డోలరైట్ అనే సన్నరేణువు రాయి. రామప్ప గుడిలో మదనికలు, అంటే చూరు కింది స్త్రీ శిల్పాలు, ఆ జాతి రాతివే. గుడి ఒళ్లు మాత్రం ఎర్ర ఇసుకరాయి. నల్లరాతిలో రేణువు సన్నం కాబట్టి సన్నపు నగ నిలుస్తుంది. బూడిద గ్రానైట్‌లో ఒక్కో గింజ 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అంతకన్నా చిన్న ముత్యం చెక్కబోతే ముత్యానికి బదులు గింజే ఊడి చేతికొస్తుంది. మదనిక ఫొటో చూపించి బూడిదరాతిలో అదే హారం కావాలంటే ఏ శిల్పీ చేయలేడు. చేస్తానన్నవాడిని నమ్మకండి. చీమకుర్తి గెలాక్సీ రాయి వంటగది గట్టుకు బంగారమే గానీ స్వామి బుగ్గమీద ఆ మెరుపు చుక్కలు ఎవరికి ముచ్చటో మాకు అర్థం కాదు.

దిమ్మె చూడటానికి వెళ్లినప్పుడు బిందెడు నీళ్లు పోయించండి. రాయి ఆరేకొద్దీ, పగులు ఉన్నచోట తడి గీత ఒక్కటే నల్లగా మిగిలిపోతుంది. కంటికి ఆనని వెంట్రుక పగులు కూడా అలా దొరికిపోతుంది. తర్వాత సుత్తితో నాలుగు వైపులా తట్టండి. గంటలా మోగితే పురుషశిల, కంచుతాళంలా పలికితే స్త్రీశిల, మోగకపోతే నపుంసకశిల అన్నారు శిల్పశాస్త్రాల్లో. దీన్ని చాదస్తం అనకండి. లోపల పగిలిన రాయి నిజంగానే మోగదు, బద్దగా పలుకుతుంది. క్వారీలో మందు దట్టించి పేల్చిన దిమ్మెల్లో ఈ జబ్బు ఎక్కువ. వరుసగా రంధ్రాలు వేసి, మేకులు దిగ్గొట్టి, వాటం చూసి చీల్చిన రాయి విగ్రహానికి మేలు. తుప్పు రంగు చుక్కలు కనిపిస్తే ఆ రాతిని వదిలేయండి. లోపలి ఇనుము అభిషేకాల తడికి పసుపు చారలై దిగుతుంది.

పని ఎక్కడ ఖర్చవుతుందో ఒక్క ఉదాహరణ చాలు. నోట్లో రాతిబంతి ఆడే సింహం గుళ్లలో చూసే ఉంటారు. ఆ బంతి బయటినుంచి పెట్టింది కాదు. ముందు కోరల మధ్య సందులు తీస్తారు. ఆ సందుల్లోంచే, ఎదుటినుంచీ రెండు దవడల పక్కలనుంచీ, సన్న ఉలి దూర్చి లోపలి రాతిని గుండ్రంగా తొలుస్తారు. బంతి వెనకవైపు ఒక్క తొడిమెతో అంటిపెట్టుకుని ఉంటుంది. ఆఖరున ఆ తొడిమెను తెంపి, బంతిని లోపలే తిప్పుతూ తెగినచోటు అరగదీస్తారు. బంతి సందుకన్నా పెద్దది కాబట్టి బయటికి రాదు. తీసేసిన రాయి మొత్తం చారెడు, పట్టే రోజులు మాత్రం మిగతా తలకన్నా ఎక్కువ. తెంపే దెబ్బకు కోర విరిగితే తల మొత్తం పోయినట్టే. అడుగు రేటులో ఈ చారెడు రాతికి విలువ ఎక్కడుంది?

ఉలి పట్టే కోణంలోనూ తొందర బయటపడుతుంది. మొద్దుబారిన ఉలిని నిటారుగా పెట్టి బలంగా కొడితే పైపొర కింద గింజలు నలుగుతాయి. అప్పటికి కనపడదు. 60, 120, 220 అంటూ నంబరు పెరిగేకొద్దీ సన్నమయ్యే కార్బొరండం సానరాళ్లతో రుద్దుకుంటూ 400 దాటాక తెల్లమచ్చగా తేలుతుంది, ఎంత రుద్దినా పోదు. ఆ మచ్చ దాచడానికే నల్లనూనె, రంగు పూస్తారు. నూనె పట్టించడం సంప్రదాయమే, తప్పు కాదు. కానీ పీఠం అడుగున థిన్నరు తడిపిన గుడ్డతో తుడిస్తే నలుపు గుడ్డకంటితే అది రాతి నలుపు కాదు, పూసింది.

యంత్రం మీద మాకు పగలేదు. దిమ్మె మూలలు గ్రైండరుతో కోయని షెడ్డు ఇవాళ దొరకడం కష్టం. కంప్యూటర్ మిషన్ మీద చెక్కిన దాన్ని "చేతిపని" అని అమ్మడం దగ్గరే పేచీ. చెవి వెనక, గంగడోలు కింద, చేయికీ నడుముకీ మధ్య వేలు పెట్టి చూడండి. మిషన్ మొన అందని ఆ మూలలు నిండుగా మూసుకుపోయి ఉంటాయి. గాళ్లన్నీ ఒకే వెడల్పులో, అడుగు గుండ్రంగా ఉంటాయి. ఇంకా తక్కువ ధరకొస్తే అది గ్రానైట్ కాకపోవచ్చు, అసలు రాయే కాకపోవచ్చు కూడా. పీఠం అడుగున ఇనుప మేకుతో గీయండి. సున్నపురాయి, బలపపురాయి గీత పడతాయి, గ్రానైట్ మీద మేకే అరుగుతుంది. నిమ్మరసం చుక్కకు పొంగు వస్తే సున్నపురాయి. కాల్చిన సూది దిగితే రాతిపొడి కలిపిన రెజిన్, అంటే ప్లాస్టిక్ జిగురు. ఆళ్లగడ్డ, దుర్గి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అది ఊరి పేరు చెబుతుంది గానీ మీ ఇంటికొచ్చిన బొమ్మ ఏ రాయో చెప్పదు.

మంచి విగ్రహం కూడా నిలబెట్టేటప్పుడు పాడవుతుంది. పీఠానికీ విగ్రహానికీ మధ్య మామూలు ఇనుప కడ్డీ వేస్తే తుప్పుపట్టి ఉబ్బి, కొన్నేళ్లకు రాతిని లోపలినుంచి చీలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గానీ రాగి గానీ వాడాలి. విగ్రహాన్ని పీఠానికి అతికించడానికి గుగ్గిలం, లక్క, తేనెమైనం వంటివాటితో నూరే అష్టబంధనం బదులు తెల్లసిమెంటు పూయడం మరో తప్పు. అష్టబంధనం కాస్త సాగుతుంది, అదిరినా పట్టు వదలదు. సిమెంటు బిగిసి చిట్లుతుంది. అభిషేకజలం ఆ చీలికలో చేరుతుంది. మోసుకెళ్లేటప్పుడు తేడా వస్తే ఏమవుతుందో హైదరాబాదుకు తెలుసు. రాయగిరి రాతిలో చెక్కిన బుద్ధవిగ్రహం 1990 మార్చి 10న పంటు మీద తరలిస్తుండగా హుస్సేన్‌సాగర్‌లో మునిగింది, మనుషుల ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబరులో గానీ విగ్రహం పైకి రాలేదు.

గడువు గురించి ఒక మాట. ముహూర్తానికి నెల ముందు ఆర్డరిస్తే షెడ్డులో మొదట ఆగిపోయేది నీళ్లు. బ్లేడు మీద నీటి ధార పెట్టి కోస్తే పని నిదానం, పొడిగా కోస్తే వేగం, కానీ ధూళి లేస్తుంది. గ్రానైట్‌లో దాదాపు పావువంతు క్వార్ట్జ్, అంటే సిలికా. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది, దానికి నయం లేదు. టీబీ అనుకుని ఏళ్లతరబడి మందులు మింగినవాళ్లు ఈ పనిలో ఉన్నారు. మూతికి కట్టే తువాలు ఆ ధూళిని ఆపదు. నీటి కోతకూ, ఎన్95 మాస్కులకూ అయ్యే ఖర్చు ఒప్పంద ధరలోనే రాయండి. అడుగు రేటు బేరంలో అందరికన్నా ముందు తెగేది అదే.

దేవాదాయ శాఖ, పంచాయతీలు టెండరు నమూనాలో ఎత్తు పక్కనే వెడల్పు, మందం, రాయి పేరు, క్వారీ ఊరు, ఏ భాగం మిషన్ ఏ భాగం చెయ్యి, అతుకులు ఉన్నదీ లేనిదీ, కడ్డీ లోహం అనే గడులు చేర్చాలని మనవి. విరిగిన ముక్కు, తొండం కొసలను రెజిన్‌తో అతికించి పంపడం మామూలైపోయింది. ఆగమం ప్రకారం అది పూజకు పనికిరాదు. తడిపితే చుట్టూ రాయి నల్లబడుతుంది, అతుకు రంగు మారదు. కనుక విగ్రహాన్ని నూనె రాయకముందు, ఎండలో, ఒకసారి తడిపి ఆరాక చూడండి. ఆఖరి వాయిదా డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి.

ఇట్లు,
రాతిపని చేసే కొందరం,
నంద్యాల జిల్లా