గీషాలను వేశ్యల్లో కలపొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జపాన్ గురించి వచ్చిన వ్యాసంలో విందుల్లో ఆటపాటలతో అతిథులను అలరించే గీషాలను వేశ్యలని రాశారు. పక్కన వేసిన ఫొటోలో ఉన్నది అసలు గీషానే కాదు, ఇంకా శిక్షణలో ఉన్న మైకో. మెడ దగ్గర ఎర్ర కాలరు, వెనక మడమల దాకా వేలాడే ఓబీ, అంటే నడుముకు చుట్టే వెడల్పాటి పట్టీ, మైకోకే ఉంటాయి. ఎరుపు కింది పెదవికి మాత్రమే ఉందంటే, ఆమె మైకో అయి ఏడాది కూడా నిండలేదన్నమాట.

గీషా వేరు, వేశ్య వేరన్నది అక్కడ 18వ శతాబ్దం నాటి మాట. మొదట్లో గీషాలు మగవాళ్లే. విందుల్లో పాడి, వాయించి, నవ్వించేవారు. 1750 ప్రాంతంలో ఆడవాళ్లు ఈ వృత్తిలోకి వచ్చి కొన్నేళ్లకే వాళ్లను మించిపోయారు. నేటి టోక్యోలో ఉన్న యోషివారా అనే వేశ్యావాటికలో 1779లో గీషాలకు విడిగా ఒక నమోదు కార్యాలయం పెట్టారు. వేశ్యల వ్యాపారానికి గీషాలు పోటీ రాకూడదన్నదే దాని నియమం. ఓబీ ముడి వేశ్యకు ముందు, గీషాకు వెనక. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైనికుల వెంట తిరిగిన ఆడవాళ్లను కూడా ‘గీషా గర్ల్స్’ అనడంతో బయటి దేశాల్లో ఆ పేరు చెడింది. మీ వ్యాసంలోకి వచ్చింది ఆ చెడిన అర్థమే.

ఆ వృత్తిలో అన్యాయమే లేదని మేం చెప్పడం లేదు. యుద్ధానికి ముందు పేదింటి ఆడపిల్లలను డబ్బు తీసుకుని ఓకియాలకు, అంటే గీషాలు ఉండే ఇళ్లకు అప్పగించేవారు. ఆ బాకీ తీరేదాకా పిల్లకు విముక్తి లేదు. 2022లో కూడా ఒక మాజీ మైకో, తక్కువ వయసులోనే తనతో మద్యం తాగించారని బయటపెట్టింది. ఇది మనకు అర్థం కాని సంగతేం కాదు. దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు ప్రావిన్సు తెచ్చిన చట్టం అప్పటి కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలకూ వర్తించింది. దేవదాసీలు తరతరాలుగా నిలబెట్టిన ఆటపాటలు సభలెక్కాయి, వాళ్లకు మిగిలింది నింద. అందుకే ‘వేశ్య’ అన్న మాట ఇంత తేలిగ్గా అచ్చులో కనబడితే మాకు కష్టంగా ఉంటుంది.

గీషా చదువు ఎంత కఠినమో మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. క్యోటోలో ఇప్పుడు 15 ఏళ్లకు, మిడిల్ స్కూలు ముగిశాకే పిల్లలను చేర్చుకుంటారు. ఏడాది దాకా ఓకియాలో ఇంటిపని, క్యోటో యాస, పెద్దల దగ్గర మెలిగే తీరు, వాటితో పాటు నాట్యం. తర్వాత నెల రోజులు విందుల్లో ఓ పక్కన కూర్చుని చూస్తూ నేర్చుకోవడమే పని. ఆపైన ఒక సీనియర్‌ను అక్కగా స్వీకరించి మైకో అవుతుంది. సుమారు ఐదేళ్లకు ఎర్ర కాలరు తీసి తెల్లది వేస్తారు, అప్పటికి గీషా. క్యోటోలో గెయికో అంటారు. మైకోకు జీతం ఉండదు, తిండి, బట్ట, పాఠాల ఖర్చు ఓకియాదే. కొప్పు సొంత జుట్టుతోనే వేస్తారు. అది చెదరకుండా ఎత్తు దిండు మీద మెడ ఆనించి నిద్రపోవాలి. ఏళ్ల తరబడి లాగి బిగించడంతో నడినెత్తిన జుట్టు ఊడిపోతుంది. గెయికో అయ్యాక విగ్గు పెట్టుకుంటారు.

క్యోటోలో గీషాలుండే గియోన్ కోబు పేటలో ఇనోయె నాట్య సంప్రదాయం ఒక్కటే నేర్పుతారు. మన అభినయంలో కథంతా కళ్లలో ఉంటే, అక్కడ ముఖం కదలదు. నడుము దించి, మోకాళ్లు వంచి, విసనకర్ర తిప్పడంలోనే భావం పలకాలి. రాజధాని టోక్యోకు తరలి వెలవెలబోయిన క్యోటోకు జనాన్ని రప్పించాలని 1872లో మొదలుపెట్టిన ‘మియాకో ఒదోరి’ ప్రదర్శన నేటికీ ఏప్రిల్ నెలలో జరుగుతోంది. తెలిసినవాళ్లు పరిచయం చేయందే గీషాల విందుకు రానివ్వరు గానీ, ఈ ప్రదర్శన టికెట్ కొని ఎవరైనా చూడొచ్చు.

మన బడుల వార్షికోత్సవాల్లో జపాన్ వేషం కట్టించే మాస్టర్లకూ ఒక మాట. గీషాల ముఖం మీది ఆ తెలుపు, పొడి పౌడరు అద్దితే రాదు. మైనాన్ని అరచేతుల్లో రుద్ది మెత్తబరిచి ముఖానికి, మెడకు పలచగా పట్టించాలి. నీళ్లలో కలిపిన తెల్లపొడిని బ్రష్‌తో పూసి, స్పాంజితో అద్ది తడి తీయాలి. మైనం పట్టకపోతే తెలుపు అతకదు, మన ఎండకు చారలు కట్టి కారిపోతుంది. మెడ వెనక రెండు పాయలుగా చర్మం కనబడేలా వదలాలి. ఓబీ ముడి ముందుకు రానివ్వకండి. జపాన్ నిలువుటంగీ కిమోనోకు, కట్టుకున్నవారి ఎడమ అంచు పైకి, కుడి అంచు లోపలికి ఉండాలి. తిరగవేస్తే అది శవానికి కట్టే పద్ధతి.

ఇట్లు,
కొందరు నాట్య ఉపాధ్యాయులు,
కర్నూలు