వదిలేసిన చేప గూటికి చేరేలోపు

సంపాదకులకు నమస్కారం.

గత నెల మీ పత్రిక ప్రవాస తెలుగువారి పేజీలో ఒక ఫోటో వేశారు. అమెరికాలో ఒక నది ఒడ్డున నలుగురు మన కుర్రాళ్లు నిలబడ్డారు. మధ్యలో ఉన్న అబ్బాయి చేతిలో మూరెడు చేప. పట్టిన చేపను మళ్లీ నదిలోకి వదిలేశారని కింద రాసి, వాళ్ల మంచి మనసును మెచ్చుకున్నారు. ఆ పిల్లలను తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వదిలేయాలన్న బుద్ధి పుట్టినందుకు నాకూ సంతోషమే. కానీ ఫోటో తీసింది మే రెండో వారమని మీరే రాశారు. ఆ చేప స్మాల్‌మౌత్ బాస్ అనే అమెరికా మంచినీటి చేప. ఈ రెండు సంగతులూ పక్కపక్కన చూసేసరికి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను మెదక్ జిల్లాలో ముప్పై రెండేళ్లు జీవశాస్త్రం బోధించి రిటైరయ్యాను. తొమ్మిదేళ్లుగా పెన్సిల్వేనియా రాజధాని హారిస్‌బర్గ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే సస్క్వెహానా నది. ఏడు వందల కిలోమీటర్లకు పైగా ప్రవహించి చెసపీక్ అఖాతంలో కలుస్తుంది. మా ఊరి దగ్గర అది చాలా వెడల్పు, కానీ వేసవిలో చాలాచోట్ల మోకాటి లోతే. అడుగున రాళ్లు, మధ్యలో లంకలు. మొదటిసారి చూసినప్పుడు మంజీర గుర్తొచ్చి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

నాకు అక్కడ గాలం వేయడం నేర్పింది మా పొరుగింటి పెద్దాయన. నది అవతలి ఒడ్డున ఎనోలా రైల్వే యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. స్మాల్‌మౌత్ బాస్ ఈ నదిలో పుట్టిన చేప కాదని, రైలెక్కి వచ్చిన చేప అని ఆయన గర్వంగా చెబుతాడు. అది నిజమే. 1854లో కొండలకు అటువైపున్న ఒహాయో నదీ ప్రాంతం నుంచి కొన్ని బాస్‌లను రైలింజను నీళ్లతొట్టిలో వేసి తెచ్చి పోటోమాక్ నదిలో వదిలారు. అక్కడి నుంచి ఆ సంతతి సస్క్వెహానాకు వచ్చింది. ఈ నది రాతినేల, పారే నీరు, ఎండ్రకాయల్లాంటి చిన్న క్రేఫిష్‌లు దానికి బాగా నచ్చాయి. నూట యాభై ఏళ్లలో ఇదే దాని ఇల్లయిపోయింది.

మొదటి వేసవిలో నా గాలానికి పడ్డ తొలి బాస్‌ను నేను తుండుగుడ్డతో ఒడిసిపట్టుకున్నాను. ఒడ్డున ఎండకు కాలిన రాళ్ల మీద పెట్టి, ఫోను కోసం జేబులు తడుముకుంటున్నాను. పెద్దాయన ఒక్క మాటైనా అనకుండా రెండు చేతులూ నీళ్లలో ముంచి, వంగి, చేపను ఎత్తి నదిలో పెట్టి నిలకడగా పట్టుకున్నాడు. కాసేపటికి అది తోక విదిల్చి వెళ్లిపోయింది. అప్పుడు నా తుండు తీసి నా కళ్ల ముందు పట్టాడు. దాని నిండా జిగురు, రెండు మూడు పొలుసులు. "ఇది దాని చర్మం" అన్నాడు. చేప ఒంటి మీది జిగురు రోగాలను ఆపే కవచమని నేను ఎన్ని తరగతులకు పాఠం చెప్పానో లెక్కలేదు. ఆ పాఠం నా చేతులకు ఎక్కింది మాత్రం ఆ రోజే.

తర్వాత మిగతావన్నీ ఒక్కొక్కటిగా నేర్పాడు. గాలం కొనకు వెనకగా ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేయాలి, అప్పుడు గాలం సులువుగా ఊడి వస్తుంది. పెద్ద చేపను కింది దవడ పట్టుకుని వేలాడదీయకూడదు, రెండో చేయి పొట్ట కింద ఆనించాలి. మొప్పల జోలికి వెళ్లకూడదు. గాలాన్ని లోపలికి మింగేసి ఉంటే లాగకుండా దారం కోసేయాలి. చేప నీళ్ల బయట ఉన్నంతసేపు మనమూ ఊపిరి బిగబట్టాలి, మనకు ఆగలేదంటే దానికి ఎప్పుడో ఆగలేదని అర్థం. జూలై, ఆగస్టు మధ్యాహ్నాల్లో నీళ్లు వేడెక్కి ప్రాణవాయువు తగ్గినప్పుడు అసలు గాలమే వేయకూడదు. ఈ సంగతులు ఇక్కడ బాస్ పట్టేవాళ్లలో చాలామందికి తెలుసు. 1972లో రే స్కాట్ అనే ఆయన తన బాస్ పోటీల్లో పట్టిన చేపను బతికించి వదలాలని పట్టుబట్టిన నాటి నుంచి వదిలేయడం ఇక్కడ ఒక మర్యాదగా స్థిరపడింది.

అయితే మే నెల సంగతి వేరు. మన పిల్లలకు ఎవరూ చెప్పనిది అదే.

వసంతంలో నీటి వేడి పదిహేను, పదహారు డిగ్రీలకు చేరగానే మగ బాస్ ఒడ్డుకు దగ్గరగా, ఏ బండరాయి పక్కనో ప్రవాహం నెమ్మదిగా ఉన్న చోటు చూసుకుంటుంది. తోకతో బురద ఊడ్చి, గులకరాళ్లు తేలేలా గుండ్రటి గూడు చేస్తుంది. పైనుంచి చూస్తే మన ఇళ్లలోని తాంబాళమంత ఉంటుంది, చుట్టూ ఉన్న నేల కంటే తెల్లగా మెరుస్తుంది. ఆడచేప వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఆ తర్వాత భారమంతా తండ్రిదే. గుడ్ల మీద మట్టి పేరుకోకుండా రెక్కలతో విసురుతూ ఉంటుంది. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చి, నల్లటి చుక్కల్లా గుంపుగా ఈదడం మొదలుపెట్టాక కూడా కొన్ని వారాల పాటు కాపలా కాస్తుంది. ఆ రోజుల్లో అది సరిగా తినదు. గూటి దగ్గరికి ఏది వచ్చినా మీదపడుతుంది. మన ఎరను కరిచేది ఆకలితో కాదు, తరిమేయడానికి. అందుకే మే నెలలో పెద్ద బాస్ పట్టడం అంత తేలిక.

మూడేళ్ల కిందట మా ఊరికి ఎగువన నది ఒడ్డునే ఉన్న డాఫిన్ అనే ఊరి దగ్గర, నీళ్లు తేటగా ఉన్న ఒక ఉదయం నేను ఇది కళ్లారా చూశాను. ఒడ్డున గట్టు మీద కూర్చుని ఒక గూటిని గమనిస్తున్నాను. కొంచెం దిగువన ఇద్దరు యువకులు గాలం వేస్తూ వచ్చారు. ఒకరి ఎర గూటి మీదుగా వెళ్లింది. మగచేప అందుకుంది. వాళ్లు మర్యాదస్తులే. చేతులు తడుపుకున్నారు, రెండు చేతులతో పట్టుకున్నారు, ఒక్క ఫోటో తీసుకున్నారు, జాగ్రత్తగా వదిలారు. అంతా కలిపి రెండు నిమిషాలు కాలేదు. ఆ రెండు నిమిషాల్లో గూటి మీదికి అరచేయంత సన్‌ఫిష్‌లు నాలుగు వచ్చాయి. తలలు కిందికి పెట్టి, తోకలు పైకి లేపి, కోళ్లు గింజలు ఏరినట్టు గుడ్లు ఏరుకు తిన్నాయి. వదిలిన చేప వెంటనే గూటికి రాలేదు. అలసిపోయి ఒక రాయి వెనక ఆగింది. నేను అరగంట చూశాను. అది తిరిగి వచ్చేసరికి గులకరాళ్లు తప్ప ఏమీ మిగలలేదు. కాసేపు ఆ ఖాళీ గూటి మీదే రెక్కలు విసురుతూ నిలబడి, తర్వాత లోతు నీళ్లలోకి వెళ్లిపోయింది. ఆ యువకులు అప్పటికే మలుపు తిరిగి వెళ్లిపోయారు. ఒక చేపను కాపాడామనే వాళ్ల నమ్మకం.

ఈ నదిలో అలా పోగొట్టుకునేంత పిల్లల సంపద లేదు. 2005 వేసవిలో సస్క్వెహానాలో ఆ ఏడాది పుట్టిన బాస్ పిల్లలు ఒంటి మీద పుండ్లతో తేలాయి. ఆ తర్వాతి ఏళ్లలోనూ అదే జరిగింది. మగచేపల వృషణాల్లో గుడ్ల కణాలు కనిపించాయి. పొలాల నుంచి, ఊళ్ల నుంచి వచ్చే రసాయనాలు, సూక్ష్మజీవులు, పరాన్నజీవులు కలిసి చేసిన చేటు ఇదని శాస్త్రవేత్తలు అనుమానించారు. పెద్ద చేపల సంఖ్య పడిపోయింది. అందుకే 2011 నుంచి నది మధ్య భాగంలో ఏ బాస్‌నైనా పట్టిన వెంటనే వదలాలని నియమం పెట్టారు. 2012 వసంతంలో మరో అడుగు ముందుకేసి, గుడ్లు పెట్టే కాలంలో ఆ భాగంలో బాస్ కోసం గాలం వేయడమే నిషేధించారు. వదిలేసినా సరే వేయకూడదని అప్పటి నియమం. ఎందుకో నాకు డాఫిన్ దగ్గర అర్థమైంది. ఈ నదిలో బాస్ మూరెడు పొడవు పెరగడానికి సుమారు పదేళ్లు పడుతుంది. ఫోటోలోని ఆ చేప మనవాళ్లలో చాలామంది వీసా కాగితాల కోసం ఎదురుచూసినంత కాలం బతికింది.

తినని చేపను పట్టడమెందుకు అని మా ఆవిడ మొదటి రోజు నుంచీ అడుగుతూనే ఉంది. ఆమె ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. జర్మనీలో, స్విట్జర్లాండ్‌లో వదిలేయాలన్న ఉద్దేశంతోనే చేపలు పట్టడాన్ని జంతు సంరక్షణ చట్టాలు ఒప్పుకోవు. గాలం గుచ్చుకుంటే చేపకు బాధ ఉండదని నేను అనను. తెల్లవారుజామున నదిలో నిలబడటం నాకు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, అందుకే వెళతాను. వెళ్లేవాడిని కాబట్టి నేను చేసే హాని ఎంతో తెలుసుకుని తగ్గించుకోవడం నా బాధ్యత. తినేందుకు పట్టడం తప్పని కూడా అనను. నియమాలు ఒప్పుకునే చోట క్యాట్‌ఫిష్ తెస్తాను, మా ఆవిడ చింతపండు పులుసు పెడుతుంది. ఇక్కడి నదుల్లో పట్టిన చేప వారానికి ఒక్కపూట మించి తినవద్దన్న ప్రభుత్వ సూచన పాటిస్తాం.

వదిలేయడమే ఎప్పుడూ మంచిదనీ కాదు. మన కొర్రమీనుకు దగ్గరి చుట్టం, స్నేక్‌హెడ్ అనే ఆసియా చేప, ఈ నదిలోకి చొరబడుతోంది. 2020లో కొన్ని కోనోవింగో ఆనకట్ట దాటి ఎగువకు చేరాయి. అది దొరికితే నీళ్లలోకి వదలకుండా చంపమని ఇక్కడి అధికారులే చెబుతున్నారు. ఆ చేప బొమ్మను మొదటిసారి నోటీసు మీద చూసినప్పుడు నా చిన్నతనం ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చింది.

మా ఊరి చెరువులో తొలకరి పడగానే తూము పక్క తుంగలో కొర్రమీను పిల్లలు ఎర్రటి గుంపుగా పైకి తేలేవి. కుంకుమ చల్లినట్టు నీళ్లు కదిలేవి. ఆ గుంపు కిందే తల్లీతండ్రీ ఉంటాయని ఊళ్లో అందరికీ తెలుసు. నాకు పదకొండేళ్లప్పుడు మా పెద్దన్న బతికున్న చిన్న కప్పను గాలానికి గుచ్చి ఆ గుంపు మీద ఆడించాడు. నీళ్లు పగిలినట్టు చప్పుడైంది. రెండు కిలోల చేప. కాసేపటికి రెండోదీ పడింది. ఇల్లంతా పండగ. మరునాడు పొద్దున్నే నేను తూము దగ్గరికి పరుగెత్తాను. ఎర్ర గుంపు లేదు. తుంగ మీద రెండు లకుముకి పిట్టలు కూర్చుని ఉన్నాయి. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. డాఫిన్‌లో ఖాళీ గూడు చూసిన రోజు ఆ తూము, ఆ పిట్టలు గుర్తొచ్చాయి. ఇంటికొచ్చి పెద్దన్నకు ఫోను చేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మనకు ఎవరు చెప్పారురా" అన్నాడు.

కొర్రమీను ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర చేప. చెరువుల్లో ప్రభుత్వం వదిలే పిల్లలు ఎక్కువగా బొచ్చె, రవ్వ, బంగారుతీగ. చెరువులో కొర్రమీను మిగలాలంటే తన పిల్లలను అదే సాకుకోవాలి. మృగశిర కార్తె నాడు చేప తినడం మన ఆనవాయితీ, మా ఇంట్లోనూ తింటాం. ఆ రోజు అందరూ అడిగేది కొర్రమీనునే, సరిగ్గా అది పిల్లలు పెట్టే కాలం మొదలయ్యే వేళ. చెరువుల్లో పెంచి అమ్మేవి కొనుక్కోవచ్చు. ఎర్ర గుంపు మీద కప్పను ఆడించడం మాత్రం మానుకోవచ్చు.

సంపాదకులకు నా మనవి రెండు మాటలే. వచ్చే ఏప్రిల్ చివరలో మీ ప్రవాస పేజీలో ఒక చిన్న పెట్టె కట్టి వేయండి: మే నుంచి జూన్ మధ్య వరకు గూటి మీద ఉన్న బాస్‌కు ఎర చూపవద్దని, నీళ్ల అడుగున తెల్లటి గుండ్రటి మచ్చ కనిపిస్తే పక్కకు తప్పుకుని నడవమని. జూన్ మొదట్లో మృగశిర వార్తల పక్కనే కొర్రమీను పిల్లల గురించి అంతే చిన్న పెట్టె ఇంకొకటి. ఆ నలుగురు అబ్బాయిల్లో ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, హారిస్‌బర్గ్ వైపు వచ్చినప్పుడు మీ కార్యాలయం ద్వారా నాకు కబురు పెట్టమనండి. మేలో గాలాలు ఇంట్లో పెట్టి రావాలి. డాఫిన్ గట్టు మీద నుంచి నీళ్లు తేటగా ఉన్న రోజున గూటి మీద తండ్రిచేపను చూపిస్తాను. జూలైలో తెల్లవారుజామున వస్తే కలిసి గాలం వేద్దాం, ముల్లు నొక్కే పట్టకారు నా దగ్గర ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైర్డ్ జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
హారిస్‌బర్గ్, పెన్సిల్వేనియా