జాబితాలో ఎవరెవరు?

ఏరా, బాగున్నావా?

పాప తొలి అడుగుల వీడియో పెట్టాలి, కానీ ఆఫీసువాళ్లూ, ఎప్పుడో అవసరానికి నంబరు రాసుకున్నవాళ్లూ చూడకూడదు. అంతేగా నీ గొడవ!

వాట్సాప్ స్టేటస్‌ను కొందరి కంట పడకుండా పెట్టాలంటే రెండు దారులున్నాయి. ఫలానావాళ్లు తప్ప అందరూ చూడవచ్చు, లేదా నువ్వు ఎంచుకున్నవాళ్లే చూడవచ్చు. మొహమాటస్థుడివి కాబట్టి మొదటిదే పెట్టుకుంటావని నాకు తెలుసు. వద్దు. రేపు కొత్తగా ఎవరి నంబరు దాచుకున్నా, వాళ్ల దగ్గర నీ నంబరు కూడా ఉంటే దర్జాగా లోపలికి వచ్చేస్తారు. నువ్వేమో ఆ నలుగురినీ తీసేశాను కదా అని నిశ్చింతగా ఉంటావు. రెండోదైతే నువ్వు పిలిస్తేనే వస్తారు. అన్నట్టు, సెట్టింగ్ మార్చాకే వీడియో పెట్టు. అప్పటికే పెట్టేసిన స్టేటస్‌కు ఆ మార్పు వర్తించదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో నువ్వు ఎంచుకున్నవాళ్లకే చూపించే క్లోజ్ ఫ్రెండ్స్ జాబితా 2018 చివర్లో వచ్చింది. మొదట స్టోరీలకే ఉండేది, 2023లో పోస్టులకూ రీల్స్‌కూ ఇచ్చారు. ఎవరిని చేర్చినా, తీసేసినా వాళ్లకు కబురు వెళ్లదు. నాకు బాగా నచ్చిన సంగతి అదే. అయితే స్టోరీ చుట్టూ ఆకుపచ్చ వలయం చూసినవాడికి తాను లోపల ఉన్నానని తెలిసిపోతుంది. వాడు పక్కవాడితో "నిన్న పాప వీడియో చూశావా?" అంటాడు. "ఏ వీడియో?" అంటాడు ఇతను. ఇక నీ పని అయిపోయినట్టే! లోపలివాళ్లకు ముందే చెప్పి ఉంచు.

రకరకాల జాబితాలు మాత్రం పెట్టుకోకు. 2011లో ఫేస్‌బుక్ లాంటిదే గూగుల్ ప్లస్ అని ఒకటి సర్కిళ్లంటూ వచ్చింది గుర్తుందా? స్నేహితులను బీరువాలో బట్టల్లా అరలు అరలుగా సర్దుకోమంది. అంత ఓపిక ఎవరికుంది? 2019లో మూతపడింది. పేర్లు చూడకుండా చెప్పగలిగినంత చిన్న జాబితా ఒక్కటి చాలు.

అలాగని కంపెనీలను మరీ నమ్మకు. ట్విటర్‌లో సర్కిల్ అనే సదుపాయం ఉండేది; అందులో ఎంచుకున్నవాళ్లకే, అదీ 150 మందికి మించకుండా, అని రాసుకున్న మాటలు 2023 ఏప్రిల్‌లో బయటివాళ్లకూ కనిపించాయి. అదే ఏడాది అక్టోబరు చివర్లో ఆ సదుపాయాన్నే ఎత్తేశారు. పైగా ఇన్‌స్టాగ్రామ్ స్టోరీని ఎవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే నీకు తెలియనే తెలియదు. పాప స్నానం ఫొటోలు, వైద్యుడి చీటీలు ఎంత ఆప్తుల జాబితాలోనైనా పెట్టకు. అవి ఫోనులోనే ఉండనీ.

చివరగా ఒక్క మాట. ఆ పేర్లు మీ ఆవిడతో కూర్చుని రాయి. ఆమె వైపు వాళ్లలో ఎవరు ఉండాలో, ఎవరు వద్దో నువ్వొక్కడివే తేల్చేశావో, మధ్యవర్తిత్వానికి నన్ను పిలవకు!

నీ మిత్రుడు