కోళ్ల దాణాలో ఎంజైములు: భయపెట్టిన కథనం, అడగని ప్రశ్న

సంపాదకుడు గారికి,

కోళ్ల దాణాలో కలిపే ఎంజైముల మీద మీరు గత వారం వేసిన కథనం చదివి ఆరు రోజులైంది. పశువైద్యులో, విశ్వవిద్యాలయం వాళ్లో ఎవరో ఒకరు తప్పు దిద్దుతూ రాస్తారని చూశాను. ఒక్కరూ కలం కదపలేదు. నేను శాస్త్రవేత్తను కాను. ఇరవై రెండేళ్లుగా కోళ్లు పెంచుతున్నాను. దాణా బాగుంటే నాలుగు రాళ్లు మిగిలాయి, బాగోలేకపోతే నిలువునా మునిగాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

‘ఎంజైములు, యాంటీబయాటిక్‌లు, హార్మోన్లు’ అంటూ మీ విలేకరి మూడింటినీ ఒకే గాటన కట్టేశారు. పైన ‘కోడిలో రసాయనాల కుప్ప’ అని శీర్షిక. పక్కన గ్లవుసులు, మాస్కు వేసుకున్న మనిషి తెల్లపొడి పోస్తున్న ఫొటో. ఆ సాయంత్రమే మా దగ్గర గుడ్లు తీసుకెళ్లే ఒక టీచరమ్మ ఫోన్ చేశారు. “మీరు కూడా ఆ పొడి కలుపుతారా?” అని అడిగారు. కలుపుతానన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. “పిల్లలకు పెడుతున్నానండీ...” అని మాత్రం అన్నారు. పావుగంట కూర్చుని వివరించాను. మీ కథనం చదివింది ఆవిడ ఒక్కరే కాదు కాబట్టి అదే ఇక్కడా చెబుతున్నాను.

ఎంజైము అంటే ఒక ప్రొటీను. మనం నమిలిన పిండిపదార్థం నోట్లోనే తియ్యగా మారుతుంది కదా, అది లాలాజలంలోని ఎంజైము చేసే పనే. దాణాలో కలిపేవాటిని ఎక్కువగా బూజు జాతుల నుంచి, బ్యాక్టీరియా నుంచి పులియబెట్టి తీస్తారు. కోడి కడుపులో పని అయిపోయాక మిగతా ప్రొటీన్ల లాగే అవీ అరిగిపోతాయి. గుడ్డులోనో మాంసంలోనో చేరి కూర్చోవు. ఇక ఆ ఫొటోలోని మాస్కు పనివాడి ఊపిరితిత్తుల కోసం. ఎంజైము పొడి రోజూ పీలిస్తే కొందరికి అలర్జీ, ఉబ్బసం వస్తాయి. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే, మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా మిల్లుల్లో సంచులు విప్పుతున్న కూలీలకు మేలు జరిగేది. అది వదిలేసి తినేవాళ్లను భయపెట్టారు.

ఇదేదో నిన్న మొన్న పుట్టిన మాయ కూడా కాదు. కోళ్లకు ఎంజైముల పదార్థం మేపి చూసిన ప్రయోగం 1920లలోనే అచ్చయింది. 1950లలో బార్లీ మేతకు ఎంజైము కలిపితే కోడిపిల్లలు బాగా ఎదుగుతాయని తేలింది. దీని వెనుక దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. మీ కథనం మాత్రం ‘కొత్త రకం మందు’ అని రాసింది.

ఎందుకు కలుపుతామో కూడా చెప్పాలి. మొక్కజొన్న, సోయా, తవుడు, ఏది తీసుకున్నా అందులోని ఫాస్ఫరస్‌లో సుమారు మూడింట రెండొంతులు ఫైటేట్ అనే రూపంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడదీసే ఫైటేజ్ అనే ఎంజైము కోడి పేగుల్లో ఉండేది నామమాత్రం. అందుకే ఆ ఫాస్ఫరస్‌లో చాలా భాగం తిన్నది తిన్నట్టే రెట్టలో పోతుంది. పోతూ పోతూ కాల్షియంను, జింకును, కొంత ప్రొటీనును కూడా వెంటబెట్టుకు పోతుంది. ఎముకలకు ఫాస్ఫరస్ అంది కోడి కాళ్ల మీద నిలబడాలంటే మనం డీసీపీ, అంటే డైకాల్షియం ఫాస్ఫేటు పొడి, కలపాలి. డీసీపీ రాతి ఫాస్ఫేటు నుంచి వస్తుంది, ఆ గనులేమీ ఊటబావులు కావు. రెట్టలో పోయిన ఫాస్ఫరస్ ఎరువుగా పొలాల్లోకి, వానతో చెరువుల్లోకి చేరి నాచు పెంచుతుంది. ఆ నాచు కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోయి చేపలు చస్తాయి. నెదర్లాండ్స్‌లో ఈ బెడద ముదిరి ఎరువు మీద ఆంక్షలు వచ్చాక, 1991లో ఫైటేజ్ తొలిసారి దాణా మార్కెట్లోకి వచ్చింది. పర్యావరణం మీద ప్రతి ఆదివారం పేజీ వేసే పత్రికకు ఇది తెలియకపోవడం నాకు బాధ కలిగించింది.

యాంటీబయాటిక్‌ల సంగతైతే మరీ అన్యాయం. పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపేసింది. గోధుమ, బార్లీ మేపే చోట్ల పేగులో జిగురు పెరుగుతుంది. అరగని మేత కింది పేగులోకి జారి చెడు బ్యాక్టీరియాకు తిండి అవుతుంది, పేగులు పుండ్లు పడతాయి. జైలనేజ్, బీటా గ్లూకనేజ్ లాంటి ఎంజైములు ఆ జిగురును విరుస్తాయి. అంటే యాంటీబయాటిక్ అవసరాన్ని తగ్గించడానికి వాడే వస్తువును యాంటీబయాటిక్ పక్కనే నిలబెట్టి దోషిని చేశారు.

ఇంతవరకూ ఎంజైముల తరఫున మాట్లాడాను కాబట్టి కంపెనీల మనిషిననుకుంటారేమో. అసలు నా కోపమంతా ఇక్కడే ఉంది. రాయాల్సిన వార్త మీ విలేకరి కళ్ల ముందే ఉంది, ఆయన చూడలేదు.

నాలుగేళ్ల కిందట ఒక బ్రాయిలర్ బ్యాచ్ వేశాను. పన్నెండో రోజు పొద్దున షెడ్డులోకి వెళ్తే పిల్లలు మేత తొట్ల దగ్గరికి రావడం లేదు. కాళ్లు కూడదీసుకోలేక మడమ కీళ్ల మీద చతికిలబడి ఉన్నాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని ముక్కు నొక్కితే రబ్బరులా వంగింది. డాక్టరు గారు వచ్చి, చనిపోయిన పిల్లను కోసి, కాలి ఎముకను శుభ్రం చేసి నా చేతికిచ్చి విరవమన్నారు. పటుక్కున విరగాల్సిన ఎముక పచ్చి పుల్లలా వంగింది. రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు అన్నారు. దాణాను సొంత ఖర్చుతో పరీక్షకు పంపితే కోడి ఒంటికి అందే ఫాస్ఫరస్ తక్కువ, ఫైటేజ్ పనితనం దాదాపు లేదు అని వచ్చింది.

మిల్లు వాళ్లను అడిగాను. “ఎంజైము వేశాం సార్, బిల్లు చూడండి” అన్నారు. వేసిన మాట నిజమే. ఎంజైము వేశాం కదా అని టన్నుకు ఐదు కిలోలకు పైగా డీసీపీ తగ్గించారు. అది తప్పు లెక్క కాదు, ఎంజైము బతికి ఉంటే. కానీ దాణాను గుళికలు కొట్టేటప్పుడు ఆవిరి పట్టి 85 డిగ్రీలు దాటించారు. వాళ్లు కొన్నది వేడికి ఆగే రకం కాదు. ఎంజైము మిషన్లోనే చచ్చిపోయింది, డీసీపీ ముందే తీసేశారు, మధ్యలో నా పిల్లల ఎముకలు మెత్తబడ్డాయి. వేడి తట్టుకునేలా పూత పూసిన రకాలున్నాయి. గుళికలు చల్లారాక ద్రవ రూపంలో పిచికారీ చేసే పద్ధతీ ఉంది. ఏదీ పాటించలేదు.

సంబంధిత కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. నమూనా తీసుకెళ్లారు. తేమ ఇంత, ప్రొటీను ఇంత, పీచు ఇంత, ఇసుక ఇంత అని కాగితం వచ్చింది, అదీ బ్యాచ్ మొత్తం అమ్ముడుపోయాక. ఎంజైము సంగతేమిటని అడిగితే ఆ పరీక్ష మా దగ్గర లేదన్నారు. లేని పరీక్షకు నమూనా ఎందుకు తీసుకున్నట్టు? నెలన్నరలో బ్యాచ్ వెళ్లిపోతుందని తెలిసీ నివేదిక అంత తీరుబడిగా ఎందుకు పంపినట్టు? దీనికి ఇప్పటికీ జవాబు లేదు. రైతు సదస్సులకు వచ్చే అధికారులు సైతం కంపెనీ కరపత్రాన్నే చదివి వెళ్తున్నారు. ఒకప్పుడు షెడ్డులోకి దిగి, కోళ్ల కింద పరిచే పొట్టును (లిట్టర్) పిడికిట్లోకి తీసుకుని పిసికి చూసి, తడి ఎంతుందో చెప్పే అధికారులను నేను ఎరుగుదును.

ఇప్పుడు బజారులో దొరికే సంచులు చూడండి. ‘మల్టీ ఎంజైమ్’ అని పెద్ద అక్షరాలు, ఒక పుంజు బొమ్మ, ‘టన్నుకు 500 గ్రాములు’ అన్న మాట. చాలా సంచుల మీద లోపల ఏ ఎంజైము ఎన్ని యూనిట్లుందో ఉండదు. ఎంజైమును గ్రాముల్లో కొలిస్తే అర్థం లేదు, అది చేసే పనిని కొలవాలి. ఫైటేజ్‌కు ఎఫ్‌టీయూ అనే కొలత ఉంది. 37 డిగ్రీల వేడిలో, 5.5 పీహెచ్ (పులుపును కొలిచే అంకె) దగ్గర, సోడియం ఫైటేట్ నుంచి నిమిషానికి ఒక మైక్రోమోల్ (అతి చిన్న కొలత) ఫాస్ఫేటును విడిపించేంత ఎంజైమును ఒక యూనిట్ అంటారు. మామూలుగా కిలో దాణాకు 500 యూనిట్లు వేస్తారు. గ్రాముకు 5,000 యూనిట్లున్న సరుకైతే టన్నుకు 100 గ్రాములు చాలు. సంచి మీద ఆ అంకె లేకపోతే రైతు ఏం లెక్క వేసుకోవాలి?

100 గ్రాములు టన్నులో కలవాలంటే పదివేల భాగాల్లో ఒక భాగం. ముందు రెండు కిలోల పిండిలో, తర్వాత పాతిక కిలోల్లో, అప్పుడు మిక్సరులో కలపాలి. పారతో నేల మీద తిరగేస్తే ఒక కోడికి మొత్తం, పక్క కోడికి సున్నా. సున్నం రాయి ఎక్కువ వేస్తే కాల్షియం ఫైటేట్‌ను పట్టేసుకుని ఎంజైముకు అందనివ్వదు. గోధుమ కోసం చేసిన ఎంజైమును మొక్కజొన్న, సోయా దాణాలో వేస్తే అంత ఫలితం కనిపించదు, మొక్కజొన్నలో ఆ జిగురే తక్కువ. ఇవన్నీ రైతుకు ఎవరు చెప్పాలి? అమ్మేవాడు చెప్పడు. చెప్పాల్సిన శాఖకు తీరిక లేదు. మీ పత్రిక చెప్పగలిగి ఉండీ ‘రసాయనాల కుప్ప’ అని శీర్షిక పెట్టింది.

మీ నుంచి నేను కోరేది రెండే. ఎంజైము హార్మోను కాదు, యాంటీబయాటిక్ కాదు అని కథనం వచ్చిన పేజీలోనే, అంతే కనబడేలా సవరణ వేయండి. ఆ టీచరమ్మ కంటపడేలా వేయండి. రెండోది, మీ విలేకరిని మళ్లీ పంపండి. ఈసారి సంచి మీద యూనిట్లు ఎందుకు ఉండటం లేదో కంపెనీలను అడగమనండి. గుళికలు కొట్టాక దాణాలో ఎంత ఎంజైము మిగిలిందో కొలుస్తున్నారా అని మిల్లులను అడగమనండి. పరీక్ష ఎప్పటికి వస్తుందో అధికారులను తేదీతో సహా అడగమనండి. ఆ బ్యాచ్ దాణా సంచి ఒకటి, పరీక్ష కాగితాలు, ఫిర్యాదు రసీదు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఎప్పుడొచ్చినా చూపిస్తాను.

భవదీయుడు,
ఒక కోళ్ల రైతు