మా తమ్ముడి రక్తం పెరగడానికి సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

మా తమ్ముడు హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు (వైరస్‌ను అదుపులో ఉంచేవి) వాడుతున్నాడు. వాడు సరేనన్నాకే, పేరు లేకుండా ఇది రాస్తున్నాను. హిమోగ్లోబిన్ 7కి పడిపోయి, నాలుగు మెట్లెక్కినా ఆయాసపడుతున్న రోజుల్లో ఆదుకున్న డాక్టరు గారికి, ఫార్మసిస్టు గారికి, కౌన్సెలర్ గారికి, మాకు ముఖమైనా తెలియని రక్తదాతలకు దండాలు.

అప్పట్లో విషయం తెలిసిన బంధువులు తలా ఒక డబ్బా తెచ్చారు. విటమిన్ ఇ, సెలీనియం, ఏవేవో యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్స్. ఇవి వేసుకుంటే మందుల ప్రభావం రక్తం మీద పడదట. ప్రేమతో తెచ్చినవే, కాదనలేం. వేసే ముందు అడుగుదామని అన్నీ సంచిలో వేసుకెళ్లి ఫార్మసిస్టు గారి ముందు పెట్టాను. ఆవిడ కసరలేదు. ఒక్కో లేబులూ చదివి, మాకర్థమయ్యేలా చెప్పారు.

తమ్ముడు వాడుతున్న వాటిలో జిడోవుడిన్ ఉంది. 1987లో హెచ్‌ఐవీకి మొట్టమొదట అనుమతి పొందిన మందు అదే. అది వైరస్‌ను ఆపుతూనే మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పనికి కూడా అడ్డుపడుతుందట. ఎముక మజ్జలో కొత్త రక్తకణాలు నిరంతరం పుడుతూ ఉంటాయి కాబట్టి దెబ్బ అక్కడ బాగా తెలుస్తుంది. ఈ దెబ్బలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ (కణాల్ని పాడుచేసే ఆక్సిజన్ అణువులు పేరుకోవడం) మాట అబద్ధం కాదు, యాంటీ ఆక్సిడెంట్లు తగ్గిస్తాయనేది దాన్నే. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో విటమిన్ సి, ఇ ఆ దెబ్బను తగ్గించాయి కూడా. కానీ మనుషుల్లో రక్తం తగ్గకుండా అవి కాపాడతాయనడానికి గట్టి రుజువు లేదన్నారు. టాంజానియాలో ఏఆర్‌టీ వాడేవారికి ఎక్కువ మోతాదు విటమిన్లు ఇచ్చి చూశారట. 2012లో ఫలితాలొస్తే, జబ్బు ముదరడం గానీ మరణాలు గానీ తగ్గలేదు, కొందరిలో లివర్‌కు ఇబ్బందని తెలిపే ఎంజైమ్ మాత్రం పెరిగింది. ఇంత సంగతి ఓపిగ్గా ఎవరు చెప్తారండీ?

డాక్టరు గారు రిపోర్టులో ఎంసీవీ (ఎర్ర కణాల సగటు సైజు) 100 దాటడం చూసి, జిడోవుడిన్ వాడేవారిలో ఎర్ర కణాలు ఇలా పెద్దవవడం మామూలేనన్నారు. అయినా అంతటితో వదిలేయలేదు. బి12, ఐరన్, టీబీ పరీక్షలు చేయించారు. కిడ్నీ, హెపటైటిస్ బి రిపోర్టులు కూడా చూశాకే జిడోవుడిన్ తీసేసి టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ ఉన్న మాత్రకు మార్చారు. ఈలోగా తమ్ముడు విసుగొచ్చి అన్నీ మానేస్తానంటే కౌన్సెలర్ గారు కూర్చోబెట్టి మాట్లాడారు. డాక్టరు మందు మార్చడం వేరు, మనంతట మనం మానేయడం వేరని ఆయన చెప్తేనే విన్నాడు. మేం చెప్తే వినేవాడా!

ఇంకో సంగతికి ఫార్మసిస్టు గారికి మళ్లీ థ్యాంక్స్. ఆ డబ్బాల్లో రెండింటిలో జింక్, మెగ్నీషియం ఉన్నాయి. అవి డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవట. ఎప్పుడైనా వేసుకోవాల్సొస్తే వాటికి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో డోలుటెగ్రావిర్ వేసుకోవాలని కవరు మీద రాసిచ్చారు. యాంటీ ఆక్సిడెంట్ అని పెద్దక్షరాల్లో ఉన్న డబ్బా వెనకవైపు కూడా చదవాలని ఎవరైనా అనుకుంటారా?

ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి కోలుకోవడం నిదానంగానే జరిగింది. ఇప్పుడు హిమోగ్లోబిన్ 12 దాటింది, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) పరీక్షలో కనపడటం లేదు. వచ్చేసారి మందులకు తనే వచ్చి మీ అందరినీ కలుస్తానంటున్నాడు.